పసివాని మృతి – పెద్దల తీర్పు

జరిగిన దానిని చెప్పుట వేరు. జరిగెనని నమ్మిన దానిని చెప్పుట వేరు. ఈ రెంటికి నడుమ నున్న భేదము చూపునకు స్వల్పముగా తోచును. కాని ఆ స్వల్పభేదముపై ఒక మనుష్యుని కీర్తి, ఒక్కొక్కప్పుడు ఒక మనుష్యుని ప్రాణము ఆధారపడి యుండును. మాటను వ్రతముగా భావించు శరణ సంప్రదాయమువారు ఈ భేదమును మరువరాదు. దీనిని తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. పెనుకొండ కోటలో ఒక పూట నడచిన చాలును.

పెనుకొండకు చేరువనున్న ఎర్రమంచి నేడు మోటారుకార్ల కర్మాగారము వలన దేశదేశములవారికి తెలిసిన పేరు. ఆ కర్మాగారము 2019లో ప్రారంభమైనది. ఐనను పెనుకొండ కోటకు ఎర్రమంచి పేరు క్రొత్తది కాదు. కోటవాకిళ్లలో నొకటి ఎర్రమంచి ద్వారము. అచ్చట సుమారు 11 అడుగుల ఎత్తుగల ఆంజనేయస్వామి విగ్రహము వచ్చువారికి దర్శనమిచ్చును. 14వ శతాబ్దిలో మొదటి బుక్కరాయల నాడు వెలసిన ఈ కోట, 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము పాడుపడిన పిమ్మట తిరుమలదేవరాయలకు రాజధాని ఆయెను.

ఊరిని, కోటను కాలినడకను తిప్పి చూపు మార్గదర్శి వెంట జనులు గగనమహలు చూతురు. రామాలయ శివాలయములు, షేర్‌ఖాను మసీదు, పార్శ్వనాథ బసది, బాబయ్య దర్గా చూతురు. ఇన్ని మతములవారి ప్రార్థనాస్థలములు ఒక్క ఊర ఇరుగుపొరుగుగా నుండుట చూచి సంతసింతురు. పిమ్మట తిమ్మరుసు చెరసాల యనబడు కట్టడమునకు, తిమ్మరుసు సమాధి యనబడు చోటికి వత్తురు. అచ్చట చెప్పువాని గొంతు తగ్గును; వినువారు దగ్గరకు జరుగుదురు. అంతవరకు గోడలను గూర్చి, గోపురములను గూర్చి ఏమియు అడుగనివారు సైతము అచ్చట అడుగు ప్రశ్న ఒకటి కలదు: “ఇంతకు ఆ పిల్లవానికి విషము పెట్టిన దెవరు?”

ఆ ప్రశ్న వెనుక నున్న వృత్తాంత మిది. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరమును ఏలెను. ఆయన మహామంత్రి సాళువ తిమ్మరుసు. రాయలు ఆయనను అప్పాజీ యని తండ్రివలె సంభావించుచుండెను. 1524లో రాయలు తాను జీవించి యుండగనే ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయనికి పట్టము గట్టెను. ఎనిమిది మాసములు ఉత్సవములు జరిగెను. ఆ ఉత్సవముల నడుమనే బాలునకు జబ్బు చేసెను, బాలుడు మరణించెను. బాలుడు విషప్రయోగము వలన చనిపోయెననియు, ఆ పని తిమ్మరుసు కుమారునిదనియు రాయలు పిదప వినెను. నిండుకొలువులో తిమ్మరుసును నిందించి, కుమారులతో కూడ చెరబట్టించెను. మూడేండ్లు గడచిన పిదప కుమారులలో నొకడు చెర తప్పించుకొని పారిపోయి తిరుగబడెను. వానిని మరల పట్టి తెచ్చిన పిమ్మట తిమ్మరుసునకును, ఆయన వారికిని కన్నులు తీయించిరి. ఆ రాజ్యమున బ్రాహ్మణునకు మరణదండన లేకుండుటచే ఆ శిక్ష విధించిరట.

ఈ వృత్తాంతమును మనకు ఇంత వివరముగా చెప్పినవాడు నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు. అతడు విజయనగరమున కొంతకాలము నివసించి, 1535 ప్రాంతమున తన గ్రంథమును వ్రాసెను. రాబర్ట్ సూయెల్ 1900లో దానిని ఆంగ్లమున ప్రకటించిన తరువాతనే మనవారికి అది విరివిగా తెలియవచ్చినది. బాలుని మరణమునకును, ఆ వ్రాతకును నడుమ పదియేండ్లకు పైబడిన కాలము గడచినది. నూనిజ్ వ్రాతలోను మొదట చెప్పబడినది వ్యాధి. విషము మాట రాయలు తరువాత విన్నది. విన్నది ఎవరి నోట? దానికి నిదర్శన మేమి? నిందితుని సమాధానమును ఎవరు విచారించిరి? ఈ ప్రశ్నలకు ఆ గ్రంథమున బదులు లేదు. మశూచికము, విషజ్వరములు రాజగృహమని పేదగుడిసె యని చూడక పసిపిల్లలను ఎత్తుకొనిపోవు కాలమది. అట్టి కాలమున విషమునకును వ్యాధికిని భేదము తేల్చి చెప్పగల వైద్యశాస్త్రము ఎచ్చటను లేదు. ఇక తిమ్మరుసు చెర పెనుకొండలోనే యనియు, సమాధి ఇచ్చటిదే యనియు చెప్పునది స్థానిక సంప్రదాయము. సంప్రదాయమును గౌరవింపవలసినదే, కాని సంప్రదాయమని చెప్పియే గౌరవింపవలెను.

అదే నూనిజ్ మరియొక కథను కూడ చెప్పెను. రాయల అన్న వీరనరసింహరాయలు అవసానదశలో తన కుమారునకు రాజ్యము దక్కవలెనని తలంచి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు కృష్ణరాయలను దాచి, ఒక మేక కన్నులను తీయించి తెచ్చి చూపెనట. కన్నులు కాపాడిన మంత్రి కన్నులనే రాజు తీయించెనని వినువారు నిట్టూర్తురు. కాని ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. రెండు కథలు ఒకదాని కొకటి తూచినట్లు సరిపోవుట వాని సత్యమునకు సాక్ష్యము కాదు. జనుల నోట నలిగిన కథకు అట్టి పొందిక తనంత తానే వచ్చును. విధి ఇట్లు లెక్క తీర్చెనని చెప్పుకొనుట మనస్సునకు తృప్తి నిచ్చును. అట్లు తృప్తి నిచ్చిన కథను మరల పరీక్షించువారు అరుదు.

ఐనచో రాయలను నిందింపవలెనా? అదియు తొందరపాటే యగును. పుత్రశోకము మాటలతో తీరునది కాదు. చనిపోయిన బిడ్డ తండ్రికి ఎవరో ఒకరు కారకులు కావలెననిపించును. కారకుడు దొరికినచో దుఃఖము కొంత కోపముగా మారి భరింపదగిన దగును. ఇది మనుష్యస్వభావము. లోపము రాయలు దుఃఖించుటలో లేదు. ఫిర్యాది, న్యాయాధిపతి, దండనాధికారి ముగ్గురును ఒక్కడే యగుటలో ఉన్నది. ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణమున రాయలే మరణదండన పొందినవారికి ముమ్మారు మొరపెట్టుకొను అవకాశ మీయవలెనని చెప్పెను. వెంటనే, తప్పించుకొన్నచో రాజునకు కీడు తెచ్చువారి యెడల ఆలస్యము తగదనియు చెప్పెను. దయకు నియమము, నియమమునకు మినహాయింపు. భయము కలిగిన చోట మినహాయింపే నియమమును మ్రింగివేయును. అంతటి పండితుడు, అంతటి వీరుడు ఆ స్థితికి వచ్చినపుడు, సామాన్యుని కోపముపై ఎంత నమ్మిక యుంచవచ్చును?

ఇక కోటలోని మార్గదర్శి యొద్దకు మరలుదము. “పిల్లవానికి విషము పెట్టిన దెవరు?” అను ప్రశ్నకు అతని యొద్ద రెండు జవాబులు కలవు. తిమ్మరుసే యనునది మొదటిది. తిమ్మరుసు నిర్దోషి, శత్రువులు పన్నిన కుట్రకు బలి యయ్యెననునది రెండవది. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రము చూచి గుమ్మడి నటనకు కంట తడిపెట్టిన తెలుగువారికి రెండవ జవాబే ప్రియమైనది. మొదటి జవాబు కంటె అది ఉదారముగా కన్పట్టును. కాని పరిశీలించినచో రెండును ఒక్క తీరువే. మొదటిది నిదర్శనము లేక ఒకనిని దోషిని చేయును. రెండవది అతనిని విడిపించి, నిదర్శనము లేకయే ఆ దోషమును వేరొకరిపై మోపును. కుట్రదారులని చెప్పబడిన ఆ శత్రువులు మాత్రము మనుష్యులు కారా? వారి పక్షమున మాటాడువారెవరు? ఒకనిని కాపాడుటకై మరియొకనిని బోనున నిలుపుట న్యాయము కాదు.

నాలుగు వందల యేండ్లకు పైబడిన మరణమును గూర్చి ఎవరే మన్నను నేడు ఎవరికి నష్టమని అడుగవచ్చును. చనిపోయినవారికి కాకున్నను వినువారికి నష్టము కలదు. రాయలసీమ పల్లెలలో కక్షలు ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినవో ఈ ప్రాంతపు పెద్దలకు ఎవరును చెప్పనక్కరలేదు. ఒక మరణము జరుగును. రచ్చబండపై ఎవరో ఒక పేరు చెప్పుదురు. రెండవవాడు ఆ పేరునే చెప్పును. సాయంకాలమునకు అది ఊరి తీర్పగును. తీర్పు వచ్చిన పిమ్మట దానిని అమలు జరుపుటకు ఒక కత్తి, ఒక చీకటి రాత్రి చాలును. చంపబడినవాని ఇంట మరియొక పేరు చెప్పుకొందురు. ఇట్లు రెండు మూడు తరములు గడచును, ఇండ్లు పాడుపడును, చేలు బీళ్లు పడును. ఎచ్చటికక్కడ మొదటి అడుగు నిదర్శనము లేక పలికిన ఒక పేరు. కోటలో పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి, ఎదుట గోడను చూపి “వీడే చంపినది” యని తేలికగా చెప్పినపుడు ఆ పిల్లలు నేర్చుకొనునది చరిత్ర కాదు. విచారణ లేక పేరు చెప్పవచ్చునని నేర్చుకొందురు.

మార్గదర్శి పక్షమునను ఒక మాట చెప్పవలసి యున్నది. కథ చెప్పుట అతని కాయకము. వచ్చినవారు సందేహములు వినుటకు రారు. ఎండలో ఎక్కి దిగిన శ్రమకు తగిన రసము కోరుదురు. “తెలియదు” అని చెప్పువానికి కూలి ఎవరిత్తురు? ఈ ఆక్షేపణలో కొంత నిజము కలదు. కాని కాయకమును బసవేశ్వరుడు ఊరక పొట్టకూటి పని యని చెప్పలేదు. సత్యశుద్ధముగా చేసినదే కాయకమని బోధించెను. తూకము తగ్గించిన వర్తకుని వలె నిజము తగ్గించిన కథకుడును తన కాయకమును చెరుపుకొనును. పైగా సందేహమును చక్కగా చెప్పినచో కథకు రుచి తగ్గదు. ఇది నూనిజ్ వ్రాసినది, ఇది ఊరివారు చెప్పుకొనునది, ఇది ఎవరికిని తెలియనిది యని మూడు భాగములుగా విడదీసి చెప్పిచూడుడు. విన్నవాడు ఇంటికి పోయినను ఆ ప్రశ్న వానిని విడువదు.

ఇంతవరకు పరుల మాట. తీర్పు చెప్పుటలో నిగ్రహము చూపుమని పెనుకొండ మార్గదర్శికి చెప్పుట తేలిక. అదే నియమము స్వగృహమున నిలుచునా యని చూచినగాని అది నియమమని చెప్పరాదు. వీరశైవుల చరిత్రలోను ఒక రాజమంత్రి కలడు, కన్నులు కోల్పోయినవారు కలరు, ఒక రాజు మృతి కలదు. హిందూపురము, ధర్మవరము ప్రాంతముల భక్తకుటుంబములు బసవకల్యాణమునకు యాత్ర పోయినపుడు అచ్చటి కోటను, శరణుల గుహలను, 108 అడుగుల బసవేశ్వర విగ్రహమును దర్శింతురు. అచ్చట బిజ్జలుని మాట వచ్చును. వచ్చినపుడు ఏమి చెప్పుచున్నారు?

13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము తెలుగు వీరశైవులకు శిరోధార్యము. దాని కథనము ప్రకారము బిజ్జలుడు హల్లయ్య, మధువయ్య యను భక్తుల కన్నులు తీయించెను. ఆ క్రౌర్యమునకు ప్రతిక్రియగా జగదేవుడు సహచరులతో రాజమందిరమున ప్రవేశించి బిజ్జలుని వధించెను. ఆ పని అతనికి ఒప్పగించి బసవేశ్వరుడు కల్యాణము విడిచి కూడలసంగమమునకు పోయెను. తరువాతి కన్నడ సంప్రదాయము హరళయ్య, మధువరసుల బిడ్డల వర్ణాంతర వివాహమును, వారిని ఏనుగు కాలికి కట్టి ఈడ్పించుటను చెప్పును. జైనుల కథనము ఇంకొక తీరు. బిజ్జలుడు భీమానదీతీరమున విషఫలము వలన చనిపోయెననియు, దానిని పంపినది బసవడేననియు వారు వ్రాసిరి. 1167–68 ప్రాంతమున బిజ్జలుని తరువాత ఆయన కుమారుడు సోవిదేవుడు రాజ్యమునకు వచ్చెను. బిజ్జలుడు తానే కుమారునకు రాజ్యము అప్పగించెనని తలంచు చరిత్రకారులును కలరు.

ఈ కథనములలో తమకు నచ్చినదానిని ఉంచి, నచ్చనిదానిని దాచుట ఎల్లవారికిని అలవాటు. జైన కథనము ద్వేషముచే పుట్టినదని వీరశైవులు త్రోసివేయుదురు. త్రోసివేయుటకు కారణములు లేకపోలేదు. అది ఎన్నో తరముల తరువాత, పరమతమువారు వ్రాసినది. కాని సోమనాథుని కథనమును ఎట్లు త్రోయవచ్చును? అది మన ఇంటి గ్రంథము. దానిలో రాజవధ నిందింపబడలేదు. భక్తుని పరాక్రమముగా కీర్తింపబడినది. విషఫలపు మాట వచ్చినపుడు “నిదర్శన మేది?” యని అడిగి, కత్తి మాట వచ్చినపుడు అడుగకుండుట, తిమ్మరుసు విషయమున చూపరులు చేయుచున్న పొరపాటునకు భిన్నమైనది కాదు. బసవేశ్వరునకు ఆ వధతో సంబంధము లేదని చెప్పువారు, ఆ మాట చెప్పునపుడు పురాణ మట్లు చెప్పలేదను సంగతిని కూడ చెప్పవలెను. పురాణము చెప్పినదే చరిత్ర యనువారు, చరిత్రకు కావలసిన సాక్ష్యము వేరని ఒప్పుకొనవలెను. ఇట్లు చెప్పుట వలన బసవేశ్వరుని మహిమకు లోటు రాదు. దాచినదానిని పరులు వెలికి తీసినపుడే లోటు వచ్చును.

మరి పిల్లలకు ఏమి బోధింపవలెనని తల్లిదండ్రులు అడుగవచ్చును. భక్తుల కన్నులు తీయించిన రాజు యెడల పురాణకవికి కలిగిన ఆగ్రహము నిజమైనది. బాధితుల పక్షమున నిలిచిన ఆగ్రహమది. దానిని చెప్పవలసినదే. ఐతే సమాజము తన పూర్వుల చరితములోని ప్రతి క్రియను ఆచారముగా గైకొనదు. ఎనిమిది వందల యేండ్లుగా వీరశైవ గృహములలో ఇష్టలింగపూజ నిలిచినది, కాయకము నిలిచినది, దాసోహము నిలిచినది. జగదేవుని కత్తిని పూజాపీఠముపై ఉంచిన ఇల్లు లేదు. ఏది గ్రహింపవలెనో, ఏది పురాణముననే యుండనీయవలెనో మన అవ్వలు, తాతలు వాదములు లేకయే తెలిసికొనిరి. కరుణ లేని చోట ధర్మము నిలువదను బోధను వారు ఇంట అన్నము పెట్టుటలో చూపిరి. ఆ విచక్షణయే పిల్లలకు చెప్పదగిన పాఠము.

చివరకు ఒక సంగతి మిగిలి యున్నది. పెనుకొండలో రాజునకు మహలు కలదు. నిందితుడైన మంత్రికి చెరసాల యని ఒక చోటు, సమాధి యని ఒక చోటు కలవు. ఆ బాలునకు మాత్రము ఆ నడకలో ఒక్క రాయియు లేదు. చంపినదెవరని అడుగువారిలో ఎందరికి వాని పేరు తెలియును? హంతకునిపై గల ఆసక్తి హతుని మరపించుచున్నది. ఆరేండ్ల పసివాడు, తిరుమలరాయ నామధేయుడు, బరువైన కిరీటమును తలపై పెట్టించుకొని, ఆ వేడుకలు ముగియకమునుపే కన్ను మూసినాడు. వ్యాధియే కానిండు, విషమే కానిండు, ఆ దుఃఖము ఒక్కటే. దానికి సందేహము లేదు. దానికి సాక్ష్యము అక్కరలేదు.

కావున పెనుకొండ పోవు కుటుంబములవారు పిల్లలతో ఆ చోట నిలిచినపుడు మొదట ఆ బాలుని పేరు చెప్పుడు. తరువాత తెలిసినదానిని తెలిసినంతవరకు చెప్పుడు. తెలియని చోట తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. “చంపిన దెవరు?” అని పిల్లలు అడిగినపుడు, నిదర్శనము లేక పేరు చెప్పుట తప్పని చెప్పుడు. ఆ పిల్లలు పెద్దవారై రచ్చబండ దగ్గర నిలిచిననాడు, పేరు చెప్పుటకు ముందు ఒక్క క్షణము ఆగుదురు. ఆ ఒక్క క్షణము వలన ఒక ఇంటి దీపము ఆరక నిలువవచ్చును.